రికార్డు కొట్టిన చెయ్యి

కౌసల్య అన్నిటికంటే ఎక్కువ భయపడేది ఒక్కదానికే: మొగుడు లింగం కుడిచెయ్యి ఫ్యాక్టరీలో రేకు కొట్టే ప్రెస్సు మిషన్ కింద పడుతుందని. పామంటే భయం లేదు, చీకటంటే లేదు, అత్తంటే అసలే లేదు. లింగం డ్యూటీకి పోయినప్పటినుంచి తిరిగొచ్చి గడపలో చెప్పులు విడిచేదాకా ఆమె ప్రాణం గొంతులోనే ఉండేది. వచ్చాక మొహం తర్వాత చూసేది, ముందు చేతులు చూసేది.

ఆ భయం ఊరికే పుట్టలేదు. పటాన్‌చెరులో వాళ్ళు కిరాయికి ఉన్న గల్లీలో ఎడమచేత్తో అన్నం తినే మగవాళ్ళు ముగ్గురున్నారు. పుట్టుకతో ఎడమచేతివాటం వాళ్ళు కారు. ఒకరిది రేకుల కోత మిషన్, ఒకరిది రబ్బరు రోలరు. మూడో ఆయన ఐలన్నది లింగం పనిచేసే షెడ్డులోని ప్రెస్సే. చెయ్యి తీసుకుని బదులుగా ఐలన్నకు గేటు కాడ కుర్చీ ఒకటి వేసి వాచ్‌మన్‌ని చేశారు. పెళ్ళి బంతిలో ఐలన్న ఎప్పుడూ చివర, గోడవైపు తిరిగి కూర్చునేవాడు. వడ్డించే పిల్లలు తెలియక "కాకా, గా చెయ్యి గాదే, గీ చెయ్యి" అనేవాళ్ళు. ఐలన్న నవ్వి, మొండిచెయ్యి కనబడకుండా భుజం మీది తువ్వాల సర్దుకునేవాడు. ఆ నవ్వు చూసిన రోజు కౌసల్యకు ముద్ద దిగేది కాదు.

లింగం పని రంగు డబ్బాలకు రేకు మూతలు కొట్టడం. ఐలన్న చెయ్యి పోయాక ప్రెస్సులకు రెండేసి బటన్లు పెట్టించారు, అటొకటి, ఇటొకటి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే పైనున్న ఇనుప దిమ్మె దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీదుంటే దిమ్మె కిందికి ఏ చెయ్యి పోతుంది? పెళ్ళైన కొత్తలో ఈ సంగతి చెప్పే లింగం ఆమెకు ధైర్యమిచ్చాడు.

"రెండు చేతులు బయట్నే ఉంటయే పిచ్చిదానా. మిషన్ నన్నేం చేస్తది?"

ఏడో తరగతిలోనే బడి మాన్పించి తమ్ముళ్ళను ఎత్తుకోమని ఇంట్లో కూర్చోబెట్టిన కౌసల్యకు కూడా ఆ మాట అర్థమైంది. నమ్మింది. ఆ రెండు బటన్లను దేవుడి పటం కింద పెట్టి పూజ చేయలేదు గానీ, అంత పనీ చేసింది.

ఆ ఎండాకాలం లింగం ఇంటికి ఆలస్యంగా రావడం మొదలైంది. ఆలస్యమైతే కౌసల్య కంటి ముందు ఒక్కటే బొమ్మ కనిపించేది. పొయ్యి మీద అన్నం మాడిపోతున్నా లేచేది కాదు. గుమ్మంలో నిలబడి గల్లీ చివర చూస్తుండేది. పక్క అర్రలో ఉండే ఆలంబీ అది కనిపెట్టి ఒకరోజు ఉండబట్టలేక చెప్పేసింది.

"ఎందుకే గట్ల పరేషాన్ అయితున్నవ్? మీ ఆయనకేం గాలే. డ్యూటీ ఎప్పుడో దిగిండు. చాంద్ పాషా దుకాణంల కూసోని టీవీల బొమ్మను ఉరికిపిస్తుండు."

"ఏం ఉరికిపిస్తుండు?"

"వీడియో గేమే! పోరగాండ్లు ఆడుతరు సూడు, గది. మా ఆయన గూడ పోయి సూసొచ్చిండు. లింగం లెక్క ఆడేటోడు పటాన్‌చెరుల లేడంట."

కౌసల్యకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఏడుపు గుమ్మం దగ్గరే ఆగిపోయింది, కోపం ఆమెతోపాటు నడిచింది. ఏడాది ఆడబిడ్డను చంకనేసుకుని, కొంగు బిగించి, బస్టాండు వెనక సందులో ఉన్న దుకాణానికి పోయింది.

చాంద్ పాషా దుకాణమంటే ఒక షట్టరు, నాలుగు పాత టీవీలు, వాటి కింద డబ్బాలు, డబ్బాల్లో గుచ్చే క్యాసెట్లు. అక్కడ ఆడే ఆటలో ఎనిమిది కోటలుంటాయి. కత్తి పట్టుకున్న చిన్న మనిషి అన్ని కోటలూ దాటి చివరి రాక్షసుణ్ణి చంపాలి. తీరిగ్గా ఆడితే పొద్దు గూకుతుంది. అంత తీరిక ఎవరికుంది? డ్యూటీ దిగి వచ్చేసరికే సాయంత్రం, ఆ తర్వాత కాసేపటికే కరెంటు కోత. కరెంటు పోతే ఆట చచ్చిపోయినట్టే, మళ్ళీ మొదటి కోట నుంచి మొదలుపెట్టాలి. అందుకని ఆ దుకాణంలో అసలు పందెం వేరే తయారైంది: కరెంటు పోయేలోగా ఎనిమిదో కోట ఎవడు ముగిస్తాడని. ముగించినవాడి పేరు చాంద్ పాషా షట్టరు మీద సుద్దతో రాస్తాడు. వాడికంటే తొందరగా ఇంకొకడు ముగిస్తే ఆ పేరు తుడిచి వీడి పేరు రాస్తాడు. నెలరోజులుగా ఆ షట్టరు మీద ఒకటే పేరు: లింగం.

కౌసల్య పోయేసరికి లోపల మగవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు. అందరూ ఫ్యాక్టరీల బట్టల్లోనే ఉన్నారు. ఈలలు, కేకలు.

"ఆరో కోట! ఆరో కోటకొచ్చిండు!"

"కొట్లాడకన్నా, తప్పిచ్చుకో, తప్పిచ్చుకో! టైం పోతది!"

మధ్యలో లింగం బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇంట్లో బుడ్డిలో నూనె పోయమంటే సగం కింద పోసే మనిషి. అతని బొటనవేళ్ళు ఆ ప్లాస్టిక్ ముక్క మీద ఎలా కదులుతున్నాయంటే, చూస్తున్న కౌసల్యకు తిట్టడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"జెర ఆగుండ్రి భాభీ," అన్నాడు చాంద్ పాషా, స్టూలు ఆమె వైపు తోసి. "కరెంటు పోయే యాల్లయ్యింది. ఇప్పుడు పిలిస్తే ఆట ఖతం."

"ఏం ఘనకార్యం చేస్తుండని ఇంతమంది?"

"ఇగో, సూడుండ్రి, సూడుండ్రి! అందరు ఈడ తలుపు తీసేటందుకు తాళంచెవి దేవులాడుకుంట పోతరు. మీ ఆయన ఎనకకు తిరిగి దుంకుతడు, గోడలకెల్లి అవతల పడతడు. గా తొవ్వ ఉన్నదని గేమ్ చేసినోనికి గూడ తెల్వదు!"

నిజంగానే ఆ చిన్న మనిషి వెనక్కి తిరిగి దూకాడు. గోడ అతన్ని మింగి అవతల కక్కింది. దుకాణం మొత్తం గోల. ఏడో కోటలోనూ అంతే, ఎనిమిదో కోటలోనూ అంతే. రాక్షసుడు నేలకూలాడు, తెర మీద రంగుల పూలు రాలాయి, మరుక్షణమే కరెంటు పోయింది. నాలుగు టీవీలూ నల్లబడ్డాయి. ఆ మసక వెలుతురులో లింగాన్ని ఎవరో భుజాల మీదికి లేపారు. చంకలోని బిడ్డ కూడా ఏమీ తెలియకుండానే చప్పట్లు కొట్టింది.

ఒక్క నిమిషం కౌసల్యకు కూడా, అబద్ధమెందుకు, గర్వంగానే అనిపించింది. తన మొగుణ్ణి ఎవరైనా భుజాల మీద ఎత్తడం ఆమె ఎన్నడూ చూడలేదు.

అంతలో పక్క ప్రెస్సు మీద పనిచేసే పెద్దరాములు ఆమెను చూసి నవ్వుతూ వచ్చాడు.

"వదినా, నువ్వొచ్చినవా! మీ ఆయన ఈడనే గాదు, ఆడ గూడ గోడలకెల్లి దుంకుతుండు. పొద్దుండంగనే టార్గెట్ ఖతం!"

"ఆడ ఏం గోడ?" అంది కౌసల్య.

"గదే, ప్రెస్సు కాడ. కుడి దిక్కు బటన్ను సైకిల్ ట్యూబుతోని కట్టేసిండు. అది ఎప్పుడు నొక్కినట్టే ఉంటది. ఎడమ చేత్తోని బటను, కుడి చేత్తోని రేకు. టక్, టక్, టక్! కాంట్రాక్టరే ఫిదా అయిండు."

పెద్దరాములు ఇంకా ఏదో చెబుతున్నాడు. కౌసల్యకు వినపడలేదు. ఆ షెడ్డులో కాంట్రాక్టరు వెంకటేశ్వరరావు పెట్టిన పద్ధతి ఆమెకు తెలుసు: రోజుకు ఇన్ని మూతలని టార్గెట్, అది అయినోడికి ఛుట్టీ. ఎవడు ముందు ముగిస్తే వాడు ముందు బయటికి. ఆ బయటికి రావడం కోసం, ఈ షట్టరు మీద సుద్ద గీత కోసం, ఆమె కొలిచిన రెండు బటన్లలో ఒకదాన్ని మొగుడు కట్టేశాడు.

దారి పొడుగునా లింగమే మాట్లాడాడు, ఏడో కోట గురించి. ఇంటికొచ్చాక కౌసల్య అతని ప్యాంటు జేబులో చెయ్యి పెట్టింది. అనుకున్నట్టే దొరికింది, తెగితే మార్చుకోవడానికి దాచుకున్న ఇంకో ట్యూబు ముక్క, నల్లగా, పాము పిల్లలాగా.

"ఏందయ్యా ఇది?"

"అరె, ఏం గాదే. నా చెయ్యి ఎప్పుడు లోపలుంటదో, ఎప్పుడు బయటుంటదో నాకెరుక లేదా? గేమ్ల సూడలే? ఒక్క దెబ్బ తగలనిచ్చిన్నా?"

"గేమ్ల దెబ్బ తగిల్తే ఏమైతది?"

"ఏమైతది, ఒక పానం పోతది. మూడు పానాలుంటయి."

"మూడు పోతే?"

"మల్ల మొదటికెల్లి ఆడుడే."

"మరి ఆడ నీకెన్ని చేతులిచ్చిండ్రు?" అని అరిచింది కౌసల్య. అరుపుకు ఆలంబీ ఇంట్లో రేడియో ఆగిపోయింది. "చెప్పు! మీ కాంట్రాక్టరు నీకెన్ని కుడిచేతులు ఇచ్చిండు? పోతే ఇంకోటి ఇస్తనన్నడా? ఐలన్నకిచ్చిండా?"

లింగం నవ్వాడు. ఆ నవ్వే ఆమెకు ఒళ్ళు మండించింది. మంచం మీద కూర్చున్నవాడి కుడిచెయ్యి పట్టుకుని లాగి, మంచంకోడుకు ఆనించి, ఆ ట్యూబు ముక్కతోనే గట్టిగా మూడు చుట్లు చుట్టి ముడేసింది. పళ్ళెంలో అన్నం పెట్టి, పప్పు పోసి, ముందు పెట్టింది.

"తిను."

"ఏందే ఇది, పిచ్చా?"

"తిను. ఎడమచేత్తోని తిను. రేపో మాపో తినేదే గద, ఇయ్యాల్టికెల్లి అలవాటు చేసుకో. పెండ్లిల గోడ దిక్కు తిరిగి ఎట్ల కూసోవాలెనో ఐలన్నను అడుగుదాం పా!"

లింగం పంతానికి పోయాడు. ఎడమచేత్తో అన్నం కలిపాడు. పప్పు వేళ్ళ మధ్యనుంచి జారింది. ముద్ద నోటికి పోకముందే సగం ఒళ్ళో పడింది. అప్పుడొచ్చింది బిడ్డ, తప్పటడుగులు వేసుకుంటూ. నాయన తింటున్నాడంటే మొదటి ముద్ద తనది, అది రోజూ ఉన్నదే. నోరు తెరిచి నిలబడింది. లింగం ఎడమచెయ్యి చాపాడు. బిడ్డ ఆ చేతిని చూసింది. చూసి, పక్కకు తిరిగి, మంచంకోడుకు కట్టేసి ఉన్న కుడిచేతి ముందుకు పోయి, దాని ఎదుట నోరు తెరిచింది.

లింగం తలొంచుకున్నాడు. "విప్పే" అన్నాడు. గొంతులో ఎనిమిది కోటలూ కూలిపోయాయి. "విప్పు. రేపట్కెల్లి ట్యూబు కట్ట."

మాట నిలబెట్టుకున్నాడు. మరునాడు ప్రెస్సు మీది ట్యూబు కోసేశాడు. చాంద్ పాషా దుకాణం వైపు పోవడం కూడా మానేశాడు. కథ ఇక్కడే అయిపోతే కౌసల్య పోచమ్మకు బోనం వండి ఊరుకునేది.

కానీ ఈ లోపల ఆ వెంకటేశ్వరరావు ఊరుకున్నాడా? లింగం పొద్దుండగానే టార్గెట్ ముగించి ఇంటికి పోతున్నాడంటే, టార్గెట్ తక్కువ పెట్టామన్నమాట. పెంచాడు. లింగం ఒక్కడికి కాదు, షెడ్డులో ప్రతి ప్రెస్సుకూ పెంచాడు. లింగం ట్యూబు కట్టి ఎంత కొట్టాడో, ఇప్పుడు అందరూ అంత కొట్టాలి. కొట్టేదాకా గేటు తెరవడు. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కేవాడు ఎంత ఉరికినా అంత కొట్టలేడు. మొన్న భుజాల మీద మోసినవాళ్ళే ఇప్పుడు లింగం మొహం మీద ఉమ్మేంత పని చేశారు.

"ఏం రికార్డు కొట్టినవ్ రా నాయినా," అన్నాడు పెద్దరాములు గల్లీలో అందరూ వినేటట్టు. "నువ్వు ఆటలాడి పోయినవ్, మా నెత్తిన బండ పడ్డది!"

అని, అతనూ తన బటన్‌కు ట్యూబు కట్టుకున్నాడు. ఇంకేం చేస్తాడు?

లింగం కట్టలేదు. టార్గెట్ కొట్టలేదు. వారం తిరిగేసరికి కాంట్రాక్టరు అతన్ని ప్రెస్సు మీదినుంచి తీసి ప్యాకింగులో వేశాడు. జీతం తగ్గింది. కౌసల్యకు ఆ పూట ఎంత సంతోషమైందో చెప్పలేం. ప్యాకింగంటే అట్టపెట్టెలు, సుతిలి తాడు. అట్టపెట్టె ఎవరి చేతినీ కొరకదు. ఎన్నాళ్ళ తర్వాతో ఆమె కడుపునిండా తిని, బోర్లా పడుకుని నిద్రపోయింది.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక ఆదివారం కుళాయి దగ్గర బిందె పెట్టుకుని వంతు కోసం నిలబడితే, ముందున్న మనిషి బియ్యం కడుగుతున్నాడు. లింగం వాళ్ళ షెడ్డులో పనికని గల్లీ చివరి అర్రలో ఆరుగురు ఒరిస్సావాళ్ళు కొత్తగా దిగారు. వాళ్ళలో ఒకడు, సుదామ. మీసాలు సరిగ్గా రాని మొహం, కానీ పెళ్ళయింది, ఊళ్ళో ఆడపిల్ల ఉంది. కౌసల్య చంకలోని బిడ్డను చూసి, "మేరీ భీ ఇత్నీ" అని, తన బిడ్డా ఇంతే ఉంటుందని చేత్తో ఎత్తు చూపించాడు. రెండు చేతులూ గిన్నెలో పెట్టి బియ్యం రుద్దుతుంటే తెల్లటి నీళ్ళు మోచేతులదాకా పారుతున్నాయి. చక్కటి చేతులు. పది వేళ్ళు.

"ఏ ప్రెస్సు?" అని అడిగింది, ఎందుకడిగిందో తెలియకుండానే.

"చార్ నంబర్," అన్నాడు సుదామ. "లింగం భయ్యావాలా."

ఇంటికి వచ్చి బిందె నేలకేసి కొట్టినట్టు దించింది.

"గా ప్రెస్సు మీద పిలగాణ్ణి నిలబెట్టిండ్రా?"

"ఆ."

"ట్యూబు కట్టిండ్రా?"

లింగం తలూపాడు.

"ఎవరు నేర్పిండ్రు వానికి?"

"నేర్పుమన్నరు," అన్నాడు లింగం గోడ చూస్తూ. "ఒక పూటంత ఆని పక్కన నిలబెట్టిండ్రు నన్ను. నేనేం చేద్దునే? వద్దురా అని చెప్పిన. 'టార్గెట్ కౌన్ మారేగా భయ్యా' అన్నడు. టార్గెట్ ఎవరు కొట్టాలె అంటుండు, ఏం జెప్పాలె ఆనికి?"

అనాల్సింది మొగుణ్ణి కాదని కౌసల్యకు తెలిసిపోయింది. మరునాడు పొద్దున్నే షిఫ్టు వేళకు గేటు కాడికి పోయి, వెంకటేశ్వరరావు స్కూటరుకు అడ్డంగా నిలబడింది.

"సారూ, నాలుగో ప్రెస్సుకు ట్యూబు ఇడిపియ్యి."

కాంట్రాక్టరు స్కూటరు ఆపాడు గానీ దిగలేదు. "ఎవరమ్మా నువ్వు? లింగం పెళ్ళానివా? మీ ఆయన్ని ప్యాకింగులో వేశానుగా. అతని చెయ్యి బాగానే ఉందిగా. ఇంకెవడి చెయ్యో నీకెందుకు?"

"గా చెయ్యి గూడ అన్నం తినే చెయ్యే గద సారూ."

"టార్గెట్ నేను ఇంట్లో కూర్చుని రాసింది కాదమ్మా. మీ ఆయనే కొట్టి చూపించాడు. మనిషి చేయగలిగిందే అడుగుతున్నాను."

"మనిషి రెండు చేతులతోని చేసేదడుగు!" కౌసల్య గొంతు గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. షిఫ్టుకొచ్చిన వాళ్ళంతా ఆగిపోయారు. "ఐలన్న చెయ్యి ఖర్చుపెట్టి తెచ్చిన బటన్లవి! ఆయన చెయ్యి మింగి గవి పెట్టినవ్, ఇప్పుడు గవే కట్టేసి ఇంకొకని చెయ్యి అడుగుతున్నవ్. నీ ఇంట్ల మిక్సీల ఏలు పెట్టి తిప్పమంటే తిప్పుతవా? నీ కొడుకు చెయ్యి గాడ పెట్టు, నా మొగుడు టార్గెట్ కొడ్తడు!"

వెంకటేశ్వరరావు మొహం ఎర్రబడింది. నవ్వు మాత్రం చెరగలేదు. "ఇంట్లో వంట చేసుకునే ఆవిడ నాకు మిషన్లు నేర్పుతోంది. ఐలన్నా, ఈవిణ్ణి పంపించవయ్యా."

ఐలన్న కుర్చీలోంచి లేచాడు. ఉన్న ఎడమచేత్తో ఆమె భుజం పట్టుకున్నాడు. "పో బిడ్డా," అన్నాడు చెవి దగ్గర. "నా రొట్టె గూడ పోతది. పో."

ఆ సాయంత్రమే లింగాన్ని మానేయమన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. గల్లీలో ఆడవాళ్ళు కూడా లోపలి పద్ధతుల గురించి మాట్లాడుతున్నారని, ఆ ఆరుగురు ఒరిస్సావాళ్ళను కిరాయి అర్ర ఖాళీ చేయించి కాంపౌండు లోపలికే మార్చాడు కాంట్రాక్టరు. షెడ్డు వెనక రేకుల కొట్టం వేసి, తిండి, పడక అక్కడే అన్నాడు. నోరు తెరిచి అరిచినందుకు కౌసల్యకు దక్కింది ఇది: రోజూ కుళాయి దగ్గర కనిపించే ఆ రెండు చేతులు ఇప్పుడు కనిపించడం లేదు.

లింగం ఒకనాడు చాంద్ పాషా దుకాణానికి పోయాడు. ఆడలేదు. షట్టరు మీది తన పేరును అరచేత్తో తుడిచేసి వచ్చాడు. అక్కడ తుడిస్తే పోయింది. షెడ్డులో మాత్రం అతని రికార్డు అలాగే ఉంది, రోజూ ఎవరో ఒకరు దాన్ని అందుకోవడానికి ఉరుకుతూనే ఉన్నారు.

ఇప్పుడు వాళ్ళు లక్డారం అనే ఊళ్ళో, కౌసల్య తల్లిగారి ఇంట్లో ఉంటున్నారు. లింగం రోజూ అడ్డా మీద నిలబడి, దొరికిన కూలికి పోతున్నాడు. బిడ్డకు మొదటి ముద్ద కుడిచేత్తోనే పెడుతున్నాడు. అది చూసినప్పుడల్లా కౌసల్యకు కడుపు చల్లబడాలి. చల్లబడదు. కోపం రగులుతూనే ఉంటుంది. రెండుసార్లు బస్సెక్కి గేటు దాకా పోయి వచ్చింది. లోపలికి రానివ్వలేదు. "నాలుగో నెంబరు పిలగాడు మంచిగున్నడా ఐలన్నా?" అని అడిగితే, ఐలన్న ఆమె మొహం చూడకుండా, "ఉన్నడు బిడ్డా" అన్నాడు. "చేతులు?" అంటే, "నేను గేటు దాటి షెడ్డు దిక్కు పోను బిడ్డా, నేను సూడలే" అన్నాడు. ఆ తర్వాత తువ్వాల సర్దుకున్నాడు.

ఇది చదివేవాళ్ళలో ఆ గేటు దాటి లోపలికి పోగలిగినవాళ్ళు ఉంటారు. లారీలో రేకు దించేవాళ్ళు, మీటరు చూసేవాళ్ళు, డబ్బాలు కొనడానికి పోయే సేట్లు, పెద్ద నౌకరీలు చేసే సార్లు, మీలో ఎవరైనా సరే. పటాన్‌చెరు పోయినప్పుడు ఆ రంగు డబ్బాల మూతల షెడ్డులోకి ఒక్కసారి పోయి చూడండి. నాలుగో ప్రెస్సు. పేరు సుదామ, ఒరిస్సా మనిషి, మీసాలు ఇంకా సరిగ్గా రాలేదు, ఊళ్ళో ఆడపిల్ల ఉంది. బాగున్నావా అని అడగకండి, బాగున్నాననే అంటాడు. అన్నం వేళకు పోయి, ఏ చేత్తో తింటున్నాడో చూడండి. చూసి లక్డారంలో కౌసల్యకు ఒక్క మాట పంపండి.